అయ్యార్ తిన్న ఉప్పు

పోయిన రంజాన్‌కి ముందు సంగతి. రాత్రి ఎనిమిదింటికి మా భాంజీ ఫోన్ చేసింది. ఆపా రెండో బిడ్డ. ఉస్మానియా క్యాంపస్‌లో పీజీ చదువుతుంది. ఆదివారం వస్తే తార్నాకలో దోస్తుల గదిలో ఏదో బల్ల ఆట ఆడడానికి పోతుంది. సలామ్ కాగానే సూటిగా అడిగింది.

"మామూ, అస్సాసిన్ అంటే మనోళ్లేనా?"

సంగతేమిటంటే, ఆ రోజు కొత్త ఆట మొదలుపెట్టారు. ఎవరు ఏ పాత్ర తీసుకోవాలో మాట్లాడుకుంటున్నారు. ఒక అబ్బాయి నవ్వుతూ, "నువ్వు అస్సాసిన్ తీసుకో, నీకు సెట్ అయితది" అన్నాడట. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. "నవ్విన గానీ మామూ, హాస్టల్‌కి వచ్చినంక నిద్ర పట్టలే. వాడు దోస్తే, చెడ్డోడు కాదు. మజాక్ చేసిండంతే. కానీ నాకే ఎందుకు సెట్ అయితది?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా అఖ్బార్లలో కలం అరగదీస్తున్నవాణ్ని. "నీకు సెట్ అయితది" అన్న మాట నేనూ చాలాసార్లు విన్నాను. మైనారిటీ పేజీ నీకు సెట్ అయితది, ఓల్డ్ సిటీ వార్త నీకు సెట్ అయితది. నేనూ నవ్వి ఊరుకున్నాను. పిల్ల మాత్రం ఊరుకునేలా లేదు. అందుకే ఆ ఆట తవారీఖ్ తిరగేశాను. ఆ ఖిస్సా మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ఖిస్సా నడుపుతారు. "చీకటి పడింది. ఖిలా దర్వాజా మూసి ఉంది. బురుజు మీద ఇద్దరు పహరావాళ్లున్నారు. ఏం చేస్తారు?" మిగతావాళ్లు తలా ఒక పాత్రలో ఉండి, ఏం చేస్తారో చెబుతారు. అది సాగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పందెం లేదు, పైసలు లేవు. ఒకడు గెలిచి ఇంకొకడు ఓడేదీ లేదు. ఖిస్సా ముందుకు పోవడమే ఆట. పాచిక అనగానే ఆపాకి జూదం గుర్తొచ్చి గాభరా పడింది. ఫత్వా చెప్పే స్తోమత నాకు లేదు, మీ ఆలిమ్ సాబ్‌ని అడుగు అన్నాను. నాకు తెలిసింది తవారీఖ్ ఒక్కటే.

ఈ ఆటలో మొదట ఎంచుకోవాల్సింది 'క్లాస్'. దాన్ని పేషా అనుకోండి. నువ్వు సిపాయివా, జాదూగరువా, దర్వేషువా? నువ్వేం చేయగలవో, ఏం చేయలేవో ఆ పేషాయే చెబుతుంది. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, చివరికి దాని దగ్గరికే వస్తాం.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో ఈ ఆటను అచ్చువేశారు. మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. అప్పుడు ఉన్న పేషాలు మూడే: యోధుడు, మంత్రగాడు, మతగురువు. యోధుడు ఏ ఆయుధమైనా పట్టవచ్చు, మంత్రం మాత్రం రాదు. మంత్రగాడికి మంత్రం వస్తుంది గానీ కవచం తొడగడు, బాకు తప్ప వేరే ఆయుధం ముట్టడు. మతగురువు గదతో కొట్టవచ్చు, పదునైన కత్తి మాత్రం పట్టకూడదు.

ఆ మతగురువు పుట్టుక తమాషాగా ఉంటుంది. ఆర్నెసన్ బల్ల దగ్గర ఒక ఆటగాడు రక్తం తాగే పిశాచి పాత్రలో ఉండి, ఎవరికీ లొంగకుండా అందర్నీ ముప్పుతిప్పలు పెడుతున్నాడట. వాణ్ని నిలవరించడానికి ఇంకొకరికి దైవబలం ఉన్న పాత్ర ఇచ్చారు. అంటే కొత్త పేషా గాలిలోంచి పుట్టదు. బల్ల దగ్గర ఏదో ఒక జరూరత్ పుడితేనే అది పుడుతుంది.

1975లో 'గ్రేహాక్' అనే చిన్న పుస్తకం వచ్చింది. అందులో దొంగ, పాలడిన్ చేరారు. దొంగ అన్న ఆలోచన కాలిఫోర్నియాలో ఒక ఆటబొమ్మల దుకాణం దగ్గర ఆడుకునేవాళ్ల నుంచి వచ్చింది. పాలడిన్ అంటే షార్లెమాన్ రాజు దర్బారులోని వీరుడు. పాత ఫ్రెంచి గాథల్లో ఈ పాలడిన్లు యుద్ధం చేసేది 'సారసెన్ల' మీద, అంటే మన మీదే. తర్వాత అడవుల్లో తిరిగే రేంజర్, పాటగాడు, ఇంకా ఎవరెవరో వరసగా వచ్చారు. ఇప్పటి ఆటలో పన్నెండు పేషాలున్నాయి, 2019లో ఇంకొకటి కలిసింది.

కొత్త పేషా వస్తే లాభమే కాదు, నుక్సాన్ కూడా ఉంది. దొంగ పాత్ర రాకముందు ఎవరైనా చప్పుడు కాకుండా నడిచి చూడవచ్చు, ఎవరైనా గోడ ఎక్కి చూడవచ్చు. దొంగ వచ్చాక అవి అతని పనులైపోయాయి. మిగతావాళ్లు "అది నా పని కాదు" అనుకోవడం మొదలైంది. పాత ఆటగాళ్లు ఇప్పటికీ దీని మీద బహస్ చేస్తుంటారు. ఒకడికి పేరు పెట్టి పని అప్పజెబితే, ఆ పని వాడికే అంటుకుపోతుంది. మన ముల్కులో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక అస్సాసిన్. ఆ 1975లోనే 'బ్లాక్‌మూర్' అనే రెండో పుస్తకంలో ఇది చేరింది. డబ్బు తీసుకుని మనిషిని చంపడమే ఈ పేషా. ఎంత బలమున్న మనిషిని చంపగలడో శాతాల్లో లెక్క కూడా రాసిచ్చారు. 1978 నాటి పుస్తకంలో, ఈ పేషా తీసుకున్నవాడు చెడ్డవాడే అయి ఉండాలని రూల్ పెట్టారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ పేషానే తీసేశారు. ఆట నుంచి పోయినా పేరు మాత్రం నోళ్లలో ఉండిపోయింది.

ఆ పేరు ఎక్కడిది? 1090లో హసన్ బిన్ సబ్బా అనే నాయకుడు ఇరాన్‌లో అలమూత్ కొండకోటను పట్టుకున్నాడు. వాళ్లు ఇస్మాయిలీలలో నిజారీ శాఖవాళ్లు. సల్జూఖీల పెద్ద ఫౌజుతో మైదానంలో నిలబడే బలం లేక, దుష్మన్ సర్దార్లను బాకులతో చంపించారు. ఇది హఖీఖత్, దాచాల్సిన పని లేదు. కానీ వాళ్లకు హషీష్ తాగించి, తోటలో జన్నత్ చూపించి, చంపడానికి పంపేవారన్న కథ మాత్రం కల్పన. 'హషీషీ' అన్నది వాళ్లంటే గిట్టని తోటి ముసల్మానులు వాడిన తిట్టు. సలీబీ జంగుల్లో ఫిరంగీలు ఆ తిట్టును విని, దాని చుట్టూ కథ అల్లుకున్నారు. మార్కోపోలో దాన్ని ఇంకా రంగులద్ది చెప్పాడు. అతను ఇరాన్ దాటిపోయే నాటికి అలమూత్ కూలి పదిహేనేళ్లు గడిచాయి. 1256లోనే హులాకూ ఖాన్ దాన్ని నేలమట్టం చేశాడు. ఫర్హాద్ దఫ్తరీ అనే చరిత్రకారుడు 1994లో ఒక కితాబ్ రాసి ఈ కథల పుట్టుక అంతా విప్పి చూపాడు.

ఇంకో ముక్క మా భాంజీకి బాగా నచ్చింది. ఆ అలమూత్ ఇమాముల వంశంలో ఒక శాఖ పెద్ద పదహారో శతాబ్దంలో మన దక్కన్‌కే వచ్చాడు. షా తాహిర్ అని అహ్మద్‌నగర్‌లో బుర్హాన్ నిజాం షా దర్బారులో ఉన్నాడు. గొప్ప ఆలిమ్, షాయర్. రాజుల మధ్య రాయబారాలు నడిపాడు. చేతిలో ఉన్నది బాకు కాదు, కలం.

"అంటే మామూ, తిట్టు పేరే పేషా అయిపోయిందన్నమాట" అంది పిల్ల. అవును బేటీ, అంతే.

మన గురించి ఆ ఆటవాళ్లు మంచిగా రాయాలని చూడలేదా అంటే, చూశారు. 1992లో అదే కంపెనీ 'అల్-ఖదీమ్' అని అలిఫ్ లైలా లోకంలాంటి ఆట తెచ్చింది. అందులో మామ్లూక్, ఫారిస్, హజామ్, కాహిన్ లాంటి పాత్రలున్నాయి. చెడ్డ ఉద్దేశంతో రాసింది కాదు, ఇష్టంతో రాసిందే. కానీ అందులో 'షాయిర్' అంటే ఎవరో తెలుసా? జిన్నాతుల చేత పని చేయించుకునే మంత్రగాడు! చదివి ముందు నవ్వొచ్చింది. మన ముషాయిరాలో షాయర్ల మాట ఇంట్లో పిల్లలే వినరు, ఇక జిన్నాతులు వింటాయా? తర్వాత గుర్తొచ్చింది, జాహిలియా కాలపు అరబ్బులు షాయర్ నోట పలికించేది జిన్నేనని నమ్మేవారు. అంటే రాసినవాళ్లు సగం చదువుకునే రాశారు. మిగతా సగం దూరం నుంచి చూసి ఊహించుకున్నారు.

అయితే దగ్గరి నుంచి చూసినవాడు రాస్తే బాగుంటుందా? దానికీ ఒక మిసాల్ ఉంది. 1975లో ఈ రకం ఆటల్లో తొలినాటిదొకటి వచ్చింది, 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అని. రాసినాయన పేరు ముహమ్మద్ అబ్దుర్రహ్మాన్ బార్కర్. పుట్టుకతో అమెరికావాడు, ఇస్లాం స్వీకరించాడు. మిన్నెసోటా యూనివర్సిటీలో ఉర్దూ ప్రొఫెసర్. 1967లో వచ్చిన ఆయన ఉర్దూ పాఠాల కితాబుతోనే ఎందరో విదేశీయులు మన జబాన్ నేర్చుకున్నారు. చదివి ఎంత ఖుషీ అయ్యానో చెప్పలేను, ఉర్దూ ఉస్తాద్ ఒకాయన ఈ ఆటకు తొలి పెద్దల్లో ఒకడు అని! రెండు రోజుల తర్వాత మిగతాది చదివాను. ఆయన 2012లో పోయాడు. దొంగ పేరుతో నాజీలను మెచ్చుకుంటూ నవల రాశాడని, యూదుల ఊచకోతను కాదనే పత్రిక సలహామండలిలో ఉన్నాడని 2022లో ఆయన ఆటను చూసుకునే సంస్థే ఒప్పుకుంది. జబాన్ వచ్చినంత మాత్రాన ఇన్సానియత్ రాదు. మనవాడు అని భుజాలు చరుచుకునే ముందు ఆగాలని నాకు ఆ రోజు తెలిసొచ్చింది. ఈ సంగతి దాచి ఆయన ఉర్దూ గురించి మాత్రమే చెబితే, మీకు నేను సగం ఖిస్సా చెప్పినట్టే.

ఇక మన ఇంటి వైపు వద్దాం. ఆటలోకి మన మనుషుల్ని మనమే తెచ్చుకోవడం ఇక్కడ పాత రివాజే. గంజీఫా ఆకులు వినే ఉంటారు. ముఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, తొంభై ఆరు ఆకులు. తాజ్, షంషేర్, గులామ్, చంగ్, బరాత్, అంటే కిరీటం, కత్తి, బానిస, వాద్యం, రాజుగారి చెల్లింపు చీటీ, ఇలా ఒక్కో రంగు దర్బారులోని ఒక్కో శాఖ. అదే ఆట హిందువుల ఇళ్లలోకి పోయేసరికి పది రంగుల దశావతార గంజీఫా అయింది, నూట ఇరవై ఆకులు. మన నిర్మల్ నఖాషీలు కూడా ఈ ఆకులు రాసేవారు. ఆట ఒకటే. కూర్చున్నవాళ్లు మారితే అందులోని మనుషులు మారారు. ఎవరూ ఎవర్నీ ఇజాజత్ అడగలేదు.

ఖిస్సాల సంగతి చూస్తే మన హైదరాబాదు ఇంకా పాతది. 1612లో హాజీ ఖిస్సాఖాన్ హమదానీ అనే దాస్తాన్‌గో అమీర్ హంజా దాస్తాన్ రాతప్రతులు వెంటబెట్టుకుని ఈ ఊరికి వచ్చాడు. అప్పటికి హైదరాబాదు కట్టి ఇరవై ఒక్క ఏళ్లే. ఖుతుబ్‌షాహీల నీడలో ఆయన 'జుబ్దతుర్రుమూజ్' అని దాన్ని ఫార్సీలో మళ్లీ రాశాడు. తర్వాతి కాలంలో లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ అదే దాస్తాన్‌ను ఉర్దూలో నలభై ఆరు సంపుటాలుగా అచ్చేసింది. 'తిలిస్మె హోష్‌రుబా' అందులో భాగమే. కరెంటు పోయిన రాత్రుల్లో మా నానీ చెప్పిన కథలు దాని తునకలే. ప్రతిసారీ నానీ ముందు ఒక మాట అనేది: "దాస్తాన్‌లో అమీర్ హంజా వేరు, హజ్రత్ హంజా రజియల్లాహు అన్హు వేరు. ఇది ఖిస్సా, దీన్ కాదు."

ఆ దాస్తాన్‌లో అమీర్ హంజా కంటే పిల్లలకు ఇష్టమైనవాడు అమర్ అయ్యార్. ఉర్దూ బొమ్మల పుస్తకాల్లో ఉమ్రో అయ్యార్. ఫౌజు చేయలేని పని తెలివితో చేస్తాడు. వేషం మారుస్తాడు, గొంతు మారుస్తాడు. కమంద్ విసిరి కోట ఎక్కుతాడు. ఆయన జంబీల్ సంచిలో లోకమంతా పడుతుంది. హోష్‌రుబాలో ఆడ అయ్యార్లు కూడా ఉన్నారు. వాళ్ల సర్దార్ సర్‌సర్ షంషేర్‌జన్, కత్తి తిప్పడంలో మగాళ్లను తలదన్నేది. ఈ పేరు వినగానే మా భాంజీ ఫోన్‌లోనే గట్టిగా అరిచింది. "మామూ, మేరేకు అస్సాసిన్ నక్కో. మై అయ్యార్ బనాతూఁ!"

ఇవాళ ఉర్దూలో అయ్యార్ అంటే టక్కరి, మోసగాడు. ఇది కూడా కిందికి జారిన మాటే. కానీ తవారీఖ్‌లో అయ్యార్లు నిజం మనుషులు. బజారు కుర్రాళ్లు, చేతిపనివాళ్లు. 812లో బగ్దాదును ఫౌజు చుట్టుముట్టినప్పుడు కవచాలు కూడా లేకుండా వీధివీధినా నిలబడి ఊరిని కాపాడింది వీళ్లే. వాళ్లు దోచుకున్నారని తిట్టినవాళ్లూ ఉన్నారు, కాపాడారని మెచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకంటూ ఒక కట్టుబాటు ఉంది, జవాన్‌మర్దీ అనేవారు. మాట తప్పకూడదు, ఆశ్రయం అడిగినవాణ్ని అప్పగించకూడదు, ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదు.

ఈ ఉప్పు మాట దగ్గర ఒక ఖిస్సా ఉంది. సీస్తాన్‌లో యాఖూబ్ బిన్ లైస్ అని ఒక కంచరి. రాగి పాత్రలు చేసే పని విడిచి అయ్యార్లలో కలిశాడు. ఒక రాత్రి హాకిమ్ ఖజానాకు కన్నం వేశాడట. నగలన్నీ మూటకట్టాక చీకట్లో ఏదో తళుక్కుమంది. జవాహరేమో అని నాలుకకు ఆనించి చూశాడు. ఉప్పు! అంతే, మూట అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ ఇంటి ఉప్పు తిన్నాను, ఇక దోచుకోలేను అని. జరిగిందో లేదో అల్లాహ్‌కే తెలుసు. కానీ యాఖూబ్ మాత్రం నిజం. 861లో సీస్తాన్‌కు అమీర్ అయ్యాడు. ఆయన సఫ్ఫారీ వంశం పేరులోనే 'సఫ్ఫార్' ఉంది, అంటే కంచరి.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్క. మా భాంజీ నోట్‌బుక్‌లో అయ్యార్ పేషా రాసుకుని నాకు చూపించింది. పేర్లన్నీ తనే పెట్టుకుంది. ప్రాణబలానికి 'జాన్', మెట్టుకు 'దర్జా', ఖిస్సా నడిపేవాడు 'దాస్తాన్‌గో'. చూసి నాకు దారుత్తర్జుమా గుర్తొచ్చింది. 1917లో ఈ ఉస్మానియా కోసమే పెట్టిన తర్జుమా శాఖ. డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పాలని వేల కొత్త మాటలు పుట్టించారు. 1948 తర్వాత ఆ మీడియం పోయింది. ఆ క్యాంపస్‌లోనే ఒక పిల్ల మళ్లీ మాటలు వెతుక్కుంటోంది. చిన్న పనే గానీ, నాకు కళ్లు చెమర్చాయి.

చేయగలిగినవి పేజీ నిండా రాసింది. వేషం, కమంద్, జంబీల్. మొదటి ఆదివారమే బల్ల దగ్గర చిక్కొచ్చింది. జంబీల్‌లోంచి ఏది కావాలంటే అది తీస్తుంటే ఇంకెవరికీ పని లేకుండా పోయింది. నిచ్చెన కావాలా, ఉంది. పడవ కావాలా, ఉంది. ఆట చప్పబడింది. ఎవరూ లొంగదీయలేని ఆ పిశాచి ఖిస్సా మళ్లీ వచ్చిందన్నమాట. అప్పుడు కూర్చుని కోత పెట్టుకున్నారు. జంబీల్ ఆటకు ఒక్కసారే. ఇక చేయకూడనిది ఒకటి రాయాలి కదా, ఏం రాయాలి అని నన్నడిగింది. నేను యాఖూబ్ ఖిస్సా చెప్పాను. ఆమె ఒక్క వాక్యం రాసింది: 'అయ్యార్ ఎవరి ఉప్పు తింటే వాళ్లను దోచుకోలేదు, మోసం చేయలేదు, పాచిక ఎంత పడ్డా సరే.'

అస్సాసిన్ పేషాలో లేనిది ఇదే. ఇతరులు మనకు పేషా రాసిచ్చినప్పుడు మనమేం చేస్తామో రాస్తారు: చంపుతాడు, మాయమవుతాడు, జిన్నును పిలుస్తాడు. మనమేం చేయమో రాయరు. అది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. చేయని పని ఒకటి ఉంటేనే మనిషి. లేకపోతే ఉత్త ఆయుధం.

ఒక ఆదివారం రాత్రి పిల్లను దించడానికి తార్నాక పోయాను. నిజాం కాలంలో ఇక్కడ మామిడితోటలకు ముళ్లతీగ, పక్కన పహరా చౌకీ ఉండేవని, తార్ నాకా అన్న పేరు దాంతోనే వచ్చిందని పెద్దలంటారు. ఇప్పుడు ఆ నాకా లేదు గానీ, ఎవరు ఎవరని అడిగే నాకాలు మనుషుల లోపల చాలానే ఉన్నాయి. రెండో అంతస్తులో గది. ఆట ఇంకా అవ్వలేదు, ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. ఒక అమ్మాయి చాయ్ ఇచ్చింది.

ఖిస్సాలో కోట వజీరు వీళ్లను దావత్‌కి పిలిచాడు. అందరూ తిన్నారు, అయ్యార్ కూడా. అర్ధరాత్రి ఖజానా గది. మా పిల్ల పాచిక వేసింది. ఇరవై! దానికి మించి లేదు. తాళం ఊడింది, పహరా నిద్రపోతోంది, లోపల బంగారం. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"తీసుకోను" అంది. "వజీరు ఉప్పు తిన్న."

గది గోలగోల అయింది. మూడు ఆదివారాల కష్టం! అందరికంటే గట్టిగా అరిచింది ఆ అస్సాసిన్ మాట అన్న అబ్బాయే. "అరే, ఈ ఉప్పు రూల్ ఎవడు పెట్టిండు?"

"సీస్తాన్‌లో ఒక కంచరి పెట్టిండు" అంది మా భాంజీ. "కూచో, చెప్తా."

చెప్పింది. వాడు తల పట్టుకునే విన్నాడు. కోపం పూర్తిగా తగ్గలేదు, ఒప్పుకున్నాడనీ చెప్పలేను. కానీ మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగాడు: "ఆ యాఖూబ్ తర్వాత ఏమైండు?"

నోట్‌బుక్‌లో ఇంకా ఖాళీ పేజీలున్నాయి. ఇప్పుడు భిష్తీ రాస్తోంది. 1539లో చౌసా జంగులో నది దాటలేక మునిగిపోతున్న హుమాయూన్‌ను తన మష్క్‌తో ఒడ్డుకు చేర్చి, ఇనామ్‌గా కాసేపు తఖ్త్ ఎక్కిన నీళ్ల మోతగాడు నిజాం. భిష్తీ ఏం చేయగలడో రాసేసింది. ఏం చేయడో ఇంకా తేలలేదు. దాహమన్నవాణ్ని నీ పేరేంటని అడగడు అని రాద్దామా అని నన్నడిగింది. మీ ఇంట్లో నానీ, దాదీ ఉంటే వాళ్లను అడగండి. వాళ్లకు తెలిసిన పాత పేషాల్లో ఎవరు ఏ పని చేయమనేవారో గుర్తు చేసుకోమనండి. ఆ ఒక్క వాక్యం చాలు మా పిల్లకు. మిగతాది పాచిక చూసుకుంటుంది.